నల్లమల మండితే.. దివిసీమకేమిటి?

నాగాయలంక: సొర్లగొంది, నాచుగుంట మడ అడవులకు నిప్పు భయం తక్కువ. ఆటుపోట్లకు నిత్యం తడిసే బురద నేలలో రాలిన ఆకు అంటుకోదు. ఇక్కడి అడవికి ఉన్న భయమల్లా ఉప్పెనది, గొడ్డలిది. అయితే కృష్ణమ్మ దాటి వచ్చే నల్లమల అడవుల్లో వేసవి వచ్చిందంటే మంటలు తప్పడం లేదు. అవి పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా? దివిసీమ రైతుకు దీనితో పనేమిటి?

పెరిగింది మంటలా.. చూపా?

డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఉపగ్రహాల సాయంతో అడవి మంటలను గుర్తిస్తోంది. తొలుత వాడిన మోడిస్ పరికరం కిలోమీటరు మేర నేలను ఒక్క చుక్కగా చూసేది. 2017 నుంచి వాడుతున్న వీర్స్ పరికరం 375 మీటర్ల మేర నేలను ఒక చుక్కగా చూస్తుంది. 2020 నవంబరు నుంచి 2021 జూన్ వరకు మోడిస్ 52,785 హెచ్చరికలు ఇవ్వగా, అదే కాలానికి వీర్స్ 3,45,989 ఇచ్చింది. అడవి ఒక్కటే, చూసిన కన్ను వేరు. కాబట్టి పాత లెక్కతో కొత్త లెక్కను పోల్చి మంటలు ఇన్ని రెట్లు పెరిగాయనడం సరికాదు.

వీర్స్ లెక్కలనే తీసుకుంటే 2021-22లో 2,23,333, 2022-23లో 2,12,249, 2023-24లో 2,03,544 నమోదయ్యాయి. తగ్గుదల ఊరటనిచ్చేదే. అయితే వానలు, ఎండలను బట్టి లెక్క మారుతుంది గనుక మూడేళ్లతోనే గెలిచామనుకోరాదు. 2023-24లో 18,174 మంటలతో ఆంధ్రప్రదేశ్ దేశంలో నాలుగో స్థానంలో నిలవడం గమనార్హం.

సందేశం చేరాక..

ఉపగ్రహం చూసిన వేడిని అటవీ హద్దుల పటంతో సరిపోల్చి, పొలాల్లో తగులబెట్టిన గడ్డిని వేరుచేస్తారు. అడవిలోనిదైతే ఆ ప్రాంత సిబ్బంది సెల్‌ఫోన్‌కు సందేశం వెళుతుంది. ఉపగ్రహం రోజంతా ఒకేచోట నిలిచి చూడదు. అది దాటిపోయాక అంటుకున్న నిప్పు మళ్లీ వచ్చేవరకు కనిపించదు. సందేశం చేరినా మంటను ఆర్పవలసింది మనిషే. 2014 మార్చిలో తిరుమల శేషాచలం అడవులు అంటుకున్నప్పుడు వైమానిక దళ హెలికాప్టర్లను రప్పించవలసి వచ్చింది.

అందుకే 2018లో కేంద్రం ప్రకటించిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక ఆర్పడం కంటే నివారణకే పెద్దపీట వేసింది. వేసవికి ముందే ఫైర్ లైన్లు శుభ్రం చేయడం, కాపలాదారులను నియమించడం, అడవిని ఆనుకున్న పల్లెలను భాగస్వాములను చేయడం అందులో ముఖ్యమైనవి. మన దేశంలో అడవి మంటలు చాలావరకు మనిషి వల్ల పుట్టేవే. ఇప్పపువ్వు ఏరడానికి, కొత్త గడ్డి మొలిపించడానికి పెట్టే నిప్పు, ఆర్పకుండా విసిరిన బీడీ ముక్క ఇందుకు కారణాలు.

మనకు చేరేది నీరే

కొండవాలుపై రాలిన ఆకులు వాన దెబ్బను కాచి, నీటిని నేలలోకి ఇంకిస్తాయి. అవి కాలిపోతే తొలకరి వానకే మట్టి కొట్టుకుపోయి వాగుల ద్వారా కృష్ణలో చేరుతుంది. తొలుత 308 టీఎంసీలుగా ఉన్న శ్రీశైలం జలాశయ సామర్థ్యం పూడిక వల్ల సుమారు 215 టీఎంసీలకు తగ్గింది. ఆ పూడికంతటికీ మంటలే కారణం కావు గానీ, కాలిన ప్రతి వాలూ దానికి కొంత చేరుస్తుంది. కృష్ణ కాలువల చివరన ఉన్న దివిసీమకు పైన నిల్వ తగ్గితే ముందుగా తెలిసేది ఎండిన నారుమడిలోనే.

శివరాత్రికి శ్రీశైలం వెళ్లే మన భక్తులు నల్లమల గుండానే ప్రయాణిస్తారు. సరిగ్గా అడవిలో ఆకు ఎండే కాలమది. దారిలో వంట చేసుకున్న పొయ్యిపై చెంబెడు నీళ్లు పోయడం, బీడీ ముక్కను నలిపి ఆర్పడం మరువరాదు.