పట్టు ఒక్క పాటలో చిక్కదు: ఎంఎంఏపై అపోహలు – వాస్తవాలు

కర్ణాటకలో ఉన్నా పావగడ తాలూకాలో చాలా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ – గుద్దులూ, తన్నులూ, పట్లూ కలిసిన పోరు) వీరుడి కథతో 2022లో వచ్చిన ‘లైగర్’ లాంటి సినిమా చూసి మంగళవాడ కుర్రాడికి గ్లవ్స్ తొడగాలనిపిస్తే అందులో వింతేమీ లేదు. ఆ ఆశ మంచిదే. దాని వెంట వచ్చే కొన్ని నమ్మకాలే మోకాళ్ళకూ మెదడుకూ చేటు.

‘కండ ఉన్నవాడిదే గెలుపు’ అన్నది మొదటి అపోహ. 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్‌లో యూఎఫ్‌సీ అనే ఎంఎంఏ సంస్థ తొలి పోటీలు జరిగాయి. బరువు విభాగాలు లేవు. సుమారు 80 కిలోల జియు-జిత్సు యోధుడు రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి తనకన్నా బరువైన ముగ్గురిని పట్లతోనే లొంగదీశాడు. అలాగని బరువుకు విలువే లేదనుకోకూడదు. ఇద్దరికీ విద్య సమానమైతే బరువైనవాడిదే పైచేయి. నేటి పోటీల్లో విభాగాలు పెట్టింది అందుకే.

‘ఆరు నెలలు గట్టిగా కష్టపడితే చాలు’ అనేది ఇంకా మొండి అపోహ, ఎందుకంటే తెర మీద శిక్షణ ఒక్క పాటలో ముగుస్తుంది. ఎంఎంఏకు ప్రాణమైన బ్రెజిలియన్ జియు-జిత్సులో అంతర్జాతీయ సమాఖ్య నియమాల ప్రకారం పెద్దవాళ్ళు సాధారణంగా నీలం బెల్టులో కనీసం 2 ఏళ్ళు, ఊదా బెల్టులో ఏడాదిన్నర, గోధుమరంగు బెల్టులో ఏడాది ఉండాలి. తెల్ల బెల్టు కాలం దీనికి అదనం. బాక్సింగ్‌లో నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ దారి చూడండి. పరుగు పందేలతో మొదలుపెట్టి బాక్సింగ్‌కు మారింది. విశాఖపట్నంలోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో ఐ.వెంకటేశ్వరరావు దగ్గర సాధన చేసింది. 2011లో జూనియర్ ప్రపంచ విజేత అయింది. 2017లో భుజానికి శస్త్రచికిత్స జరిగింది. సీనియర్ ప్రపంచ టైటిల్ అందింది మాత్రం 2022లో, ఇస్తాంబుల్‌లో. జూనియర్ పతకానికీ దానికీ మధ్య పదకొండేళ్ళు!

‘దెబ్బలు తింటేనే రాటుదేలుతారు’ అని చెప్పే శిక్షకులు ఇప్పటికీ ఉన్నారు. ఇది ప్రమాదకరమైన మాట. చర్మం మొద్దుబారుతుందేమో గానీ మెదడు రాటుదేలదు. గ్లవ్స్ ముఖ్యంగా కాపాడేది కొట్టేవాడి చేతిని. అందుకే మంచి జిమ్ముల్లో ఎక్కువ సమయం పట్లూ అడుగులూ మళ్ళీ మళ్ళీ చేయించడానికే పోతుంది. స్పారింగ్, అంటే జోడీతో చేసే సాధన పోరు, చాలావరకు మెత్తగా సాగుతుంది. తల అదిరినవాడు వైద్యుడు సరేననేదాకా బరిలోకి దిగకూడదు.

పట్టులో చిక్కినప్పుడు చేత్తో తట్టి ఒప్పుకోవడం, అంటే ట్యాప్ చేయడం, పరువు తక్కువ కాదు. మెడ రక్తనాళాలను సరిగ్గా నొక్కితే పది సెకన్లలోపే స్పృహ తప్పవచ్చు. మోచేతి కీలు విరిగితే నెలల సాధన పోతుంది. వెంటనే ట్యాప్ చేసినవాడు మరుక్షణం మళ్ళీ మొదలుపెట్టగలడు.

‘చెమట కారితే కొవ్వు కరుగుతుంది’ అనుకుని ఎండలో జాకెట్ వేసుకుని పరుగెత్తడం మరో పొరపాటు. పోయేది నీరే, తాగగానే ఆ బరువు తిరిగొస్తుంది. 2015 డిసెంబరులో చైనా యోధుడు యాంగ్ జియాన్ బింగ్ పోటీకి బరువు తగ్గించుకునే క్రమంలోనే ప్రాణాలు కోల్పోయాడు. ఆ తర్వాత ఆ పోటీ నిర్వాహక సంస్థ వన్ ఛాంపియన్‌షిప్ యోధుల ఒంట్లో నీటి స్థాయిని పరీక్షించే పద్ధతి తెచ్చింది. పావగడ వేసవిలో ఈ సాహసం అసలే వద్దు.

దగ్గర్లో ఎంఎంఏ జిమ్ లేకపోతే మొదలే పెట్టలేమన్నదీ నిజం కాదు. 2024 జూన్‌లో యూఎఫ్‌సీలో గెలిచిన తొలి భారతీయ మహిళ పూజా తోమర్ చైనా యుద్ధకళ వుషు నుంచి వచ్చింది. మరో ఎంఎంఏ యోధురాలు రీతూ ఫొగాట్ కుస్తీ నుంచి వచ్చింది. ఊరి కబడ్డీలో రైడర్ కాలు ఒడిసిపట్టే ఒడుపు, కుస్తీలో ఒంటికాలు పట్టుకు దగ్గరి చుట్టమే. అయితే మెడ పట్లూ కీళ్ళ పట్లూ ఫోన్లో చూసి స్నేహితుడి మీద ప్రయోగించకూడదు, వాటికి పక్కన గురువు ఉండాల్సిందే. ఆ గురువును వెతుక్కుంటూ పట్నం వెళ్ళినప్పుడు, పాత గాయాల గురించి అడుగుతున్నాడా, సమాన బరువువాళ్ళను జత చేస్తున్నాడా అన్నది గమనించాలి. మొదటి రోజే స్పారింగ్‌కు దింపే చోట చేరకపోవడమే మేలు.