పెరటి పాదులు – విత్తుల ముంత



"మార్గశిరమున మాటలాడ ప్రొద్దుండదు" అని మన పల్లెలలో ఒక మాట కలదు. డిసెంబరు 21, 22 తేదీలలో మా తణుకు ప్రాంతమున పగటికాలము 11 గంటలకు కొంచెము మించి యుండును; జూను మాసములో నది 13 గంటలు దాటును. ఈ రెండుగంటల భేదమును మనము అంతగా గమనింపము గాని, పెరటిలోని పాదులు గమనించుచునే యుండును. ఆషాఢమున పెట్టిన చిక్కుడుపాదు శ్రావణ భాద్రపదములలో పందిరినిండ అల్లుకొనియు పూయక, ప్రొద్దు కురుచనైన పిదపనే పూగుత్తులు వేయుటకు కారణమిదియే.

ఈ దినములలో ఊరివారు సార్వా ధాన్యమును ఇంటికి చేర్చుకొని, దాళ్వా నాట్ల పనిలో నుందురు. పెరడు మాత్రమే గల నావంటివాడు తీరికగా నున్నాడని వారి తలంపు. వేకువనే లేచి, మంచు ఆరకమునుపే చిక్కుడుపాదుపై కాగిన బూడిద చల్లుట నా మొదటి పని. తడిసిన ఆకుపై బూడిద నిలిచి పేనుబంకను అణచును. ప్రొద్దెక్కి ఆకు ఆరినచో గాలికి ఎగిరిపోవును. ఆ పిమ్మట వంగ, మిరప మొక్కలను చూచుకొందును. కాని హేమంతములో నా ముఖ్యమైన పని ఇవి యేవియు కావు. సంక్రాంతి వెళ్ళిన వెంటనే పెట్టవలసిన ఆనప, బీర, కాకర, పొట్ల, దోస, గుమ్మడి పాదులకు విత్తనము సిద్ధపరచుకొనుటయే ఆ పని. ఆ సంగతియే నేడు మీకు మనవిచేయ దలచితిని.

మా అమ్మ కాపురమునకు వచ్చునప్పుడు, కొల్లేటి ఒడ్డున నున్న తన పుట్టింటినుండి కొంగున కట్టి తెచ్చిన ఆనపవిత్తు ఒకటి మా యింట నుండెడిది. కాయ గుండ్రన, తొడిమకడ కొంచెము మెడ, కూరకు లేతగా కోసిన వెన్నవలె నుండెడిది. ఆమె బ్రతికియున్నంతకాలము ఆ విత్తును గూర్చి నేనెన్నడును ఆలోచింపలేదు. ఆమె పోయిన తరువాత దానిని చెడగొట్టినవాడను నేనే.

ఒక యేడు సంతలో పొడుగు ఆనపవిత్తులు కొని, వేడుకకై అమ్మ విత్తుల ప్రక్కనే పెట్టితిని. రెండును బాగుగనే కాచినవి. గుండ్రని కాయనే ఎంచి విత్తనమునకు ఉంచితిని. మరుసటి యేడు ఆ విత్తులు మొలచి కాచిన కాయలు పొడుగువియు కావు, గుండ్రనివియు కావు. "విత్తొకటి పెట్టిన చెట్టొకటి మొలచునా" అని సామెత కలదు గదా! నా పెరటిలో మొలచినది.

సామెత తప్పు కాదు. తప్పు నా యెరుకలో నున్నది. ఆనపపాదున పోతుపువ్వు వేరు, పిందెపువ్వు వేరు. పిందెపువ్వు అడుగున చిన్ని కాయ రూపము పుట్టుకతోనే యుండును. ఈ తెల్లని పూవులు సాయంకాలమున విచ్చుకొనును. పురుగులు ఒక పాదులోని పుప్పొడిని మరియొక పాదులోని పిందెపువ్వునకు చేర్చును. అట్లు చేరినను ఆ యేటి కాయ తల్లిపాదును బోలియే యుండును. తండ్రి గుణము కాయలోని విత్తులలో దాగి, మరుసటి యేటనే బయలుపడును. కావుననే నేను గుండ్రని కాయను చూచి మోసపోయితిని. ఆనప గుమ్మడితో కలియదు, బీరతో కలియదు. ఆనప ఆనపతోనే కలియును.

దీనికి ఉపాయము సులభమే. విత్తనమునకు ఎంచిన పాదున, సాయంకాలము విచ్చుకొనబోవు పోతుమొగ్గను, పిందెమొగ్గను ముందుగానే మెత్తని దారముతో కట్టివేయవలెను. ప్రొద్దు క్రుంకువేళ రెంటిని విప్పి, పోతుపువ్వు రేకులు తీసివైచి, దాని పుప్పొడిని పిందెపువ్వు నడుమ మెల్లగా రుద్ది, తిరిగి కట్టి, గురుతుగ తొడిమకు ఎఱ్ఱదారము ముడివేయవలెను. బీర, పొట్లలకును సాయంకాలమే తగిన వేళ. గుమ్మడి, దోస, కాకరలు తెల్లవారుజామున విచ్చుకొనును గనుక వానికి ఉదయము.

దుకాణమున కొను పొట్లమును గూర్చియు ఇచటనే ఒకమాట. దానిపై సంకరజాతి యని వ్రాసియున్నచో, ఆ పంట బాగుగనే పండవచ్చును గాని, దాని కాయనుండి తీసిన విత్తనము ఒక్క తీరున మొలవదు. పలు తీరుల పాదులు వచ్చును. విత్తనము కట్టుకొనదలచినవారు సంకరము కాని స్థిరమైన రకమునే అడిగి తీసికొనవలెను. మనకు దాపునే తాడేపల్లిగూడెము చెంత వేంకటరామన్నగూడెమున 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయము వెలసినది. ఇట్టి సందేహములను అడుగుటకు అది తగిన చోటు.

తిరిగి నా కథకు వత్తును. విత్తు కలిసిపోయినదని తెలిసినప్పుడు నేనంతగా దిగులుపడలేదు. అంతకు ముందటి యేటి విత్తులు ఒక డబ్బాలో బిగించి అటకపై నుంచితిని. మూత తీయగా బూజువాసన కొట్టినది. విత్తులన్నియు నల్లబడి, ఒకదానికొకటి అంటుకొనియుండెను. సరిగా ఎండని విత్తులను గాలి చొరని డబ్బాలో బిగించుటచేత వానిలోని తేమయే వానిని చంపినది. అటకమీది వేడి దానికి తోడ్పడినది.

విత్తనము ప్రాణముగల వస్తువు. అది నిద్రించుచుండును గాని ఊపిరి పీల్చుచునే యుండును. తేమ, వేడి హెచ్చినకొలది దాని ఊపిరి వడియై, లోని ఆహారము తరిగిపోవును. శాస్త్రజ్ఞులు చెప్పు మోటులెక్క యొకటి కలదు: విత్తులోని తేమ నూటికి ఒక పాలు తగ్గిన కొలదియు, విత్తు ఆయువు రెట్టింపగును, దాచిన చోటి వేడి 5 డిగ్రీలు తగ్గిన కొలదియు, మరల రెట్టింపగును. ఇది అన్ని మితులకును చెల్లునది కాకపోయినను, మన ఇండ్లలో విత్తులు దాచు తీరునకు చక్కగా సరిపడును. అటక కన్న ఇంటిలో నీడగల చల్లని మూల యెంత మేలో దీనినిబట్టి మీరే ఊహింపవచ్చును.

ఎండబెట్టుటలో మన ప్రాంతమువారికి ఒక చిక్కు కలదు. కాలువలు, చేలు, చెరువులు చుట్టునుండుటచే మనగాలి ఎప్పుడును చెమ్మగలదియే. పగలెల్ల ఎండిన విత్తును సాయంకాలము తీయక మరచినచో, రాత్రి మంచుకు అది పోయిన తేమను తిరిగి త్రాగును. కావున ఉదయము మంచు విడిచిన పిదప చాపపై పలుచగా పరచి, నడిమింటి తీవ్రమైన యెండలో నీడకు జరిపి, ప్రొద్దు వాలకమునుపే లోనికి తేవలెను. ఇట్లు నాలుగైదు దినములు చేయవలెను. ఆనపవిత్తు వంగక పుటుక్కున విరిగినచో ఎండినదని గురుతు; వంగినచో ఇంకను తేమ కలదు.

విత్తు తీయుటయు కాయకొక తీరు. ఆనప, బీరలు పాదుననే యెండి, కదల్చిన గలగల మనవలెను. బీరకాయ మొన విరిచి దులిపిన విత్తులు రాలును. మిగిలిన పీచు ఒళ్ళు తోముకొనుటకు పనికివచ్చును. పొట్లకాయ ఎఱ్ఱబారి చివికి పగులకముందే కోయవలెను. కాకరపండులోని విత్తులను చుట్టుకొనియున్న ఎఱ్ఱని గుజ్జును బూడిదతో రుద్ది కడుగవలెను. గుమ్మడివిత్తులను పచ్చిపేడలో అద్ది గోడకు కొట్టు ఆచారము మీరెల్లరు ఎరిగినదే. వంగకు పసుపుపచ్చగా పండిన కాయనుండియే విత్తు తీయవలెను. కూరకాయలోని విత్తు మొలవదు.

దాచుటకు నేను చేయు పని యిది. కొంచెము బియ్యమును మూకుడులో ఎఱ్ఱగా వేచి, పూర్తిగా చల్లార్చి, సీసా అడుగున పోయుదును. అది సీసాలోని చెమ్మను పీల్చుకొనును. దానిపై గుడ్డమూటలలో విత్తులు పెట్టి బిగింతును. మూటమూటకును పేరు, కోసిన నెల, సంవత్సరము వ్రాసిన చీటి. మా అమ్మ మట్టిముంతలో, ఆరిన పిడకల బూడిదలో కలిపి, వేపాకు వేసి, మూతికి గుడ్డ కట్టెడిది. ఆ పద్ధతియు మంచిదే. బూడిద చెమ్మను పీల్చును, పురుగును చొరనీయదు. ఏ పద్ధతియైనను ఎండని విత్తును మాత్రము రక్షింపలేదు.

పుష్యమాసమున విత్తును పరీక్షింపవలెను. ఇరువది విత్తులు లెక్కించి, రాత్రియంతయు నానవైచి, తడిగుడ్డలో వరుసగా పరచి చుట్టి, వెచ్చనిచోట నుంచవలెను. గుడ్డ ఆరిపోరాదు, నీరు కారరాదు. పదిదినములలో పదునారు మొలచినచో విత్తు దిట్టమైనది. పది మాత్రమే మొలచినచో గుంటకు రెట్టింపు విత్తులు పెట్టవలెను. ఐదుకు లోపైనచో ఇంకను వ్యవధి కలదు గనుక, వేరొకచోట విత్తు వెదకుకొనవలెను. పాదు పెట్టి మొలకకై నెలరోజులు ఎదురుచూచి పిదప చింతించుటకన్న ఇది మేలు.

ఈలోగా గుంటలు సిద్ధము కావలెను. మార్గశిరముననే మూరెడు లోతు, మూరెడు వెడల్పు త్రవ్వి, మట్టిని ప్రక్కన పోసి పదునైదు దినములు ఎండనిత్తును. పిదప రెండు తట్టల మాగిన పెంట, దోసెడు వేపపిండి, కొంత బూడిద కలిపి పూడ్చి, నేలకన్న జానెడు ఎత్తుగ తిన్నె కట్టుదును. మాది నల్లరేగడి. నీరు నిలిచినచో వేరు కుళ్ళును.

ఎప్పుడు పెట్టవలెనన్నది అన్నిటికన్న ముఖ్యము. ఈ జాతి విత్తులకు నేల వెచ్చదనము 25 మొదలు 30 డిగ్రీల వరకు నున్న చక్కగా మొలచును. పుష్యమున రాత్రులు చల్లన గనుక తొందరపడి పెట్టిన విత్తు నేలలో నానుచు కూర్చుండును. ఆలసించినను నష్టమే. పగలు పెరిగి ఎండలు ముదిరినకొలది పాదులు పోతుపూవులే మిక్కిలిగా పూయును. కురుచ పగలు, చల్లని రాత్రులు పిందెపూతకు అనుకూలము. అదిగాక మనకు కాలువల లెక్క యొకటి కలదు. 1847లో మొదలిడి 1852 నాటికి కాటను దొర ధవళేశ్వరమున కట్టించిన ఆనకట్ట మన డెల్టాకు నీరిచ్చినది గాని, నిండు వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు. ఆనపపాదు పెట్టిన రెండునెలలకు గాని కాపునకు రాదు. కావున సంక్రాంతికిని రథసప్తమికిని నడుమ పెట్టిన పాదు, కాలువ కట్టకమునుపే కాచి మన ఋణము తీర్చుకొనును. ఫాల్గుణమున పెట్టినది నూతినీటికై మనలను ఏడిపించును.

గుంటకు నాలుగైదు విత్తులు, బొటనవ్రేలి కణుపులోతున పెట్టి, మొలచిన పిదప బలమైన రెంటిని ఉంచవలెను. లేతాకులను కొరుకు ఎఱ్ఱని పెంకుపురుగు వేకువ చలికి మందగించి యుండును. అప్పుడు చేతితో ఏరివేయుట సులభము. ఎండ వచ్చిన పిదప అది మనకు చిక్కదు.

ఇక మా అమ్మ విత్తు సంగతి. డబ్బా బూజుపట్టిన యేడు, ఇక ఆ కాయను మరల చూడనని నిశ్చయించుకొంటిని. ఒకనాడు తాడేపల్లిగూడెమున మా మేనత్తగారింటికి పోగా, దొడ్డిలో పందిరిమీద ఆ గుండ్రని కాయలు! "ఇది యెక్కడిది అత్తా?" అని యడుగగా, "మీ అమ్మ ఇచ్చినదే గదరా, ఇరువదేండ్లనుండి పెట్టుచునే యున్నాను" అన్నది. ఆమె ముంతలో ఆ యేటికి మిగిలినవి పదునొకండు విత్తులు. పదునొకండును నా చేతిలో పోసినది. పరీక్షకు ఒక్కటియు వెచ్చింప మనసు రాక, రథసప్తమికి ముందు అన్నిటిని పెట్టితిని. ఏడు మొలచినవి. మొదటి కాయలను కూరకు కోయక విత్తునకే విడిచితిని. ఆ వేసవిలో మా యింట ఆనపకూర లేదు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1941 మొదలు 1944 వరకు లెనిన్గ్రాడు నగరము ముట్టడిలో నున్నప్పుడు, వవిలోవ్ అను శాస్త్రజ్ఞుడు దేశదేశములనుండి సేకరించిన విత్తులను కాపాడుచు, చెంత ధాన్యముండియు దానిని ముట్టక, అచటి పనివారిలో కొందరు ఆకలిచే ప్రాణములు విడిచిరి. వారి త్యాగము ముందు నా యానపకూర యెంత? అయినను, తినగల విత్తును తినక దాచువాడు రేపటివారికొరకు దాచుచున్నాడను సత్యము రెండుచోట్లను ఒక్కటియే.

నేను నేర్చుకొన్న పాఠమొక్కటే. ఎంత యెండబెట్టినను, ఎంత బిగించినను, ఒక్కయింట నున్న విత్తునకు భద్రము లేదు. ఎలుక, చెమ్మ, వరద, గాలివాన, మన మరపు — ఏదో యొకటి వచ్చును. మా అమ్మ విత్తును కాపాడినది నా డబ్బా కాదు, ఆమె యిచ్చిన పిడికెడు. కావున ఇప్పుడు ప్రతి సంవత్సరము రథసప్తమినాడు, గొబ్బిపిడకలపై పాలు పొంగించి, చిక్కుడాకులలో పరమాన్నము పెట్టుకొన్న పిదప, నాలుగిండ్లకు నాలుగు చీటిమూటలు పంపుదును. అందొకటి తప్పక మేనత్తగారి యింటికి. ఆమె పెద్దదైనది, కన్నులు సరిగా కానరావు, ఐనను పాదు పెట్టక మానదు.

మీ యిండ్లలోను ఏ అటకమీదనో, ఏ ఉట్టిలోనో పెద్దలు దాచిన ముంత యొకటి యుండును. ఈ పండుగలోపల దానిని దింపి చూడుడు. ఇరువది విత్తులు గుడ్డలో చుట్టి పరీక్షింపుడు. మొలచినచో సగము పొరుగువారికిండు. సెలవు.