ఎనర్జీ ఆడిటర్‌ కావాలంటే.. ముందు అనుభవం, తర్వాతే పరీక్ష

కరీంనగర్‌: విద్యుత్తు, ఇంధనం ఎక్కడ వృథా అవుతున్నాయో కొలిచి పొదుపు మార్గాలు సూచించడం ఎనర్జీ ఆడిటర్ల విధి. ఉదాహరణకు 75 వాట్ల ఫ్యాను రోజుకు 10 గంటలు తిరిగితే 0.75 యూనిట్‌ ఖర్చవుతుంది. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానుకు 0.3 యూనిట్‌ చాలు. ఇళ్లలో ఇలాంటి లెక్కలకు స్వల్పకాలిక శిక్షణ సరిపోతుంది. అయితే ఇళ్లకు ఈ తనిఖీ తప్పనిసరి కాకపోవడంతో దీనిపైనే ఆధారపడి ఉపాధి పొందడం కష్టం.

జాతీయ పరీక్ష: 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద ఏర్పాటైన బ్యూరో ఆఫ్‌ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఇచ్చే ధ్రువపత్రానికే దేశవ్యాప్త గుర్తింపు ఉంది. ఈ పరీక్షలు 2004లో మొదలయ్యాయి. మూడు పేపర్లలో ఉత్తీర్ణులైతే ఎనర్జీ మేనేజర్‌, నాలుగో పేపరూ పూర్తిచేస్తే ఆడిటర్‌ అర్హత లభిస్తుంది. ప్రైవేటు సంస్థల శిక్షణ పత్రాలు దీనికి ప్రత్యామ్నాయం కావు.

అనుభవమే కీలకం: ఇంజినీరింగ్‌ పట్టభద్రులకు మూడేళ్లు, డిప్లొమా చదివినవారికి ఆరేళ్ల సంబంధిత అనుభవం అవసరం. రామగుండం ఎన్టీపీసీ, జైపూర్‌ సింగరేణి విద్యుత్‌ కేంద్రం, కాగజ్‌నగర్‌ కాగితపు మిల్లు వంటి పరిశ్రమల్లో పనిచేసినవారికి ఇది కలిసొస్తుంది. చదువు పూర్తయిన వెంటనే వేలల్లో రుసుము చెల్లించి కోచింగ్‌లో చేరే ముందు, అభ్యర్థులు తాజా ప్రకటనలోని అర్హతలను సరిచూసుకోవాలి.