ఎంత దూరం నుంచి చదవాలండీ?

మా కాలేజీలో ఒకసారి సాహిత్య సభ తలపెట్టాము. ఊళ్ళో పదిమందికీ తెలియాలంటే బజారులో ఒక గుడ్డ బ్యానరు కట్టించవలసిందే అన్నారు. తెలుగు మేష్టరును గనుక అందులో ఏం రాయాలో చూసే పని నా నెత్తిన పడింది. రాత్రి కూర్చుని, సమాసాలూ విశేషణాలూ కూర్చి, నాలుగు పంక్తుల ఆహ్వానం తయారుచేసి, మర్నాడు పెయింటరు దగ్గరకు పట్టుకువెళ్ళాను. ఆయన అరవై దాటిన మనిషి. కాగితం వంక చూడనైనా చూడలేదు.

"ఎంత దూరం నుంచి చదవాలండీ?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "చదివేవాళ్ళు నడిచి వస్తారా, బండిమీద వస్తారా, అది చెప్పండి మేష్టారూ. దాన్నిబట్టి అక్షరం సైజు. అక్షరాన్నిబట్టి మాటలు. మీరు రాసుకొచ్చింది ఆఖర్న చూద్దాం" అన్నాడు.

ఆఖర్న చూశాడు. నాలుగు పంక్తుల్లో మూడు కొట్టేశాడు. మిగిలినవి సభ పేరు, తేదీ, చోటు. ఏటా వందలకొద్దీ పేపర్లు దిద్దే నాకు నా రాత ఇంకొకరు దిద్దటం మొదట కొంచెం కష్టంగానే వున్నది. కాని అప్పటినుంచి రోడ్డుమీద ఏ బోర్డు చూసినా ఆయన అడిగిన ప్రశ్నే గుర్తుకు వస్తుంది. ఆలోచించిన కొద్దీ, వీధి ప్రకటనల చరిత్ర అంతా ఆ ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబుల చరిత్రేనేమో అనిపిస్తుంది.

వీధిలో రాత ఈనాటిది కాదు. ఇటలీలోని పాంపే నగరం క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతపు బూడిదకింద పూడిపోయింది. దాన్ని తవ్వి తీస్తే గోడలమీద ఎర్ర రంగుతో, నల్ల రంగుతో రాసిన ఎన్నికల ప్రచారం బయటపడింది. ఫలానావానికి ఓటు వేయండి, ఫలానా రోజున గ్లాడియేటర్ల పోరాటాలు, ఇవీ ఆ రాతలు. మన దేశంలో టముకు వేసి చాటించే పద్ధతి వుండేది. అయినా మనకు వీధి రాత లేదనటానికి వీల్లేదు. కడప జిల్లా కలమళ్ళలో వున్న, క్రీ.శ. 575 ప్రాంతానిదని పండితులు చెప్పే రేనాటి చోళుల శాసనం మాత్రం నలుగురి కంటా పడాలని నిలబెట్టిన రాయి కాదూ? వీటన్నిటికీ చదువరి నడిచేవాడే. కావలసివస్తే ఆగుతాడు, దగ్గరకు వచ్చి తడిమి మరీ చదువుకొంటాడు. అందుచేత అక్షరం చిన్నదైనా ఫరవాలేదు, విషయం పెద్దదైనా ఫరవాలేదు.

నడిచేవాడి కోసం రాసిన బోర్డులే మన బజార్లను చాలాకాలం ఏలినవి. కిరాణా కొట్టు నెత్తిన రేకు బోర్డు వుండేది. అందులో కొట్టు పేరు, ప్రొప్రయిటరు పేరు, ఇచ్చట ఏమేమి దొరుకునో ఆ జాబితా, మూలన పెయింటరు సంతకం. తెలుగులో బోర్డు రాయటం ఇంగ్లీషులో రాసినంత తేలిక కాదు. ఇంగ్లీషు బోర్డులు చేసేవారికి ఒక మోటు లెక్క వున్నది. అంగుళం ఎత్తు అక్షరాన్ని పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవవచ్చుననీ, వంద అడుగులకైతే పది అంగుళాల అక్షరం కావాలనీ అంటారు. వాళ్ళ పెద్ద అక్షరాలు అడుగు ఎత్తు పట్టీ ఇస్తే అడుగంతా నిండి నిలబడతాయి. మరి మనదో? 'లక్ష్మీ' అనే మాటే తీసుకోండి. కకారం కింద షకారపు ఒత్తు, దానితోపాటు మకారపు ఒత్తు, పైన గుడి దీర్ఘం, వెరసి మూడంతస్తుల మేడ! అడుగు పట్టీలో అసలు అక్షరానికి దక్కేది ఏ అయిదారు అంగుళాలో. పనితనం తెలిసిన పెయింటరు ఒత్తును పక్క అక్షరం కింద ఖాళీలోకి నెట్టి, దీర్ఘాన్ని ఒంపి చోటు మిగిల్చేవాడు. ఇది ఏ వ్యాకరణంలోనూ లేని సంధి. బాపు గారి చేతిరాత పత్రికల్లోనుంచి శుభలేఖల్లోకీ, అక్కడినుంచి బోర్డులమీదకూ ఎక్కిందంటే, ఆ చోటు మిగల్చటంలో వున్న సొగసు కూడా ఒక కారణమని నా నమ్మకం. తరువాత అదే రాత కంప్యూటరు అక్షరాలుగా కూడా వచ్చింది.

ఈ రేకు బోర్డులకు దొరసాని లాంటిది ఎనామిల్ పలక. ఇనప రేకుమీద గాజుపొడి కలిసిన రంగులు పూసి, సుమారు 800 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాలిస్తే అది తయారవుతుంది. అంటే ఆ రంగు నిజానికి గాజే. ఎండకు వెలవదు, వానకు కరగదు. పెచ్చు ఎగిరినచోట మాత్రం తుప్పు మొదలవుతుంది. బ్రూక్ బాండు, లిప్టను టీ పలకలు పాత దుకాణాల గుమ్మాలపక్కన దశాబ్దాలు నిలిచాయి. ఇప్పుడు వాటిని పాతసామాను వ్యాపారులు మంచి ధరకు అమ్ముతున్నారు. అప్పుడు టీని అమ్మిన పలకలు ఇప్పుడు తమను తామే అమ్ముకొంటున్నాయి.

గోడ రాతల సంగతి వేరు. పల్లెటూరి రోడ్డు పక్క ఇంటివారిని అడిగి, ఖర్చులేకుండా గోడకు వెల్ల వేసి, దానిమీద సిమెంటు పేరో సబ్బు పేరో రాసిపోయేవారు. ఇంటాయనకు వెల్ల మిగిలింది, కంపెనీకి గోడ మిగిలింది. అక్షరం రానివారికి కూడా చేరిన గోడ బొమ్మ ఒకటున్నది. 1960లలో కుటుంబ నియంత్రణ ప్రచారానికి వాడిన తలకిందుల ఎర్ర త్రికోణం అది. దేశంలో ఏ మూల ఏ భాష మాట్లాడేవారైనా దాన్ని గుర్తుపట్టేవారు. వాల్‌పోస్టరు ఆయుర్దాయం ఇంకా తక్కువ. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి అంటించినా, సినిమా మారితే దాని నెత్తిన మరొకటి. ఈలోపల అందినమేరకు ఆవులు నమిలేవి.

సినిమా అనేసరికి బోర్డు ఒళ్ళు విరుచుకొని లేచింది. నటుల ఫోటోమీద గళ్ళు గీసి, అవే గళ్ళు పెద్ద గుడ్డమీద గీసి, ఒక్కొక్క గడిలో వున్నదాన్ని పెంచి వేయటం బ్యానరు ఆర్టిస్టుల పద్ధతి. దగ్గరనుంచి చూస్తే కనుబొమ్మ మూరెడు వుండి ఏమీ బోధపడదు. నిచ్చెన దిగి రోడ్డు అవతలకు వెళ్ళి చూసుకొని, మళ్ళీ వచ్చి దిద్దేవారు. ఎం. ఎఫ్. హుసేన్ 1930లలో బొంబాయిలో ఇలా సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకొన్నవాడే. ప్లైవుడ్డు కోసి సరుగుడు బాదులకు కట్టిన కటౌట్లు ఈ కోవలోవే. వాటి చుట్టూ జనం చేరి ఆగి చూసేవారు. ఇది కూడా, గమనించండి, నడిచేవాడి లోకమే.

ఆ లోకాన్ని మార్చినది మోటారు. అమెరికాలో బర్మా షేవ్ అనే గడ్డం క్రీము కంపెనీ 1925లో ఒక ఎత్తు వేసింది. కారులో పోయేవాడు పెద్ద వాక్యం చదవలేడు గదా అని, వాక్యాన్ని ముక్కలుచేసి, రోడ్డు పొడుగునా ఒకదాని తరువాత ఒకటి చిన్న చిన్న బోర్డులు పాతింది. కారు సాగినకొద్దీ కొంటె పద్యంలా సాగి, ఆఖరి బోర్డుమీద క్రీము పేరుతో ముగిసేది. 1963 దాకా నడిచింది ఆ వేడుక. కార్ల వేగం పెరిగింది. అదీ చెల్లలేదు.

లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్లు పోయే కారు సెకనుకు సుమారు 55 అడుగులు దాటుతుంది. మూడువందల అడుగుల దూరాన అక్షరం కనబడ్డదనుకొన్నా, చదవటానికి చిక్కేది అయిదారు సెకన్లు. అందులో ఎదుటి లారీని చూసుకోవాలి, గేదెను తప్పించాలి. అందుకే ఆరేడు మాటలకు మించి రాయరాదని హోర్డింగు తయారుచేసేవారి సూత్రం. దాన్ని పట్టుకొని పేరు తెచ్చుకొన్నది అముల్ వెన్న. సిల్వెస్టర్ డకున్హా, యూస్టేస్ ఫెర్నాండెజ్‌లు 1966లో సృష్టించిన ఆ చుక్కల గౌను పిల్ల, దేశంలో ఏది జరిగినా నాలుగు మాటల చమత్కారంగా మార్చేస్తుంది. బోర్డు ఎంత పెద్దదైనా మాట చిన్నదిగానే వుంచిన తెలివి అది. రాత్రివేళ చూపుకు నియాన్ గొట్టాలు వచ్చాయి. 1910లో పారిస్‌లో జార్జి క్లాడ్ ప్రదర్శించిన ఆ ఎర్ర వెలుగు చాలాకాలం పట్టణాల సింగారం. ఇప్పుడు ఆ స్థానం ఎల్.ఇ.డి.లది.

రెండువేల సంవత్సరం దాటిన తరువాత ఫ్లెక్సీ వచ్చింది. ప్లాస్టిక్ పూత పూసిన గుడ్డమీద యంత్రం గంటల్లో ఎంత బొమ్మనైనా దించేస్తుంది. గళ్ళు గీయనక్కరలేదు, నిచ్చెన దిగి చూసుకోనక్కరలేదు. నా మూడు పంక్తులూ కొట్టేసిన పెయింటరు కొడుకు కుంచె పట్టలేదు, ఫ్లెక్సీ దుకాణం పెట్టాడు. చవకవటంలో తప్పు లేదు. పుట్టినరోజుకూ పెళ్ళికీ ఎవరైనా వీధికెక్కవచ్చు. కాని "ఎంత దూరం నుంచి చదవాలి" అని అడిగేవాడు పోయాడు. ఎంత పెద్దదైనా ఒకటే శ్రమ అయినప్పుడు, పెద్దదే కావాలంటాడు ప్రతివాడూ.

ఇక్కడినుంచి వేడుక మాటలు చెల్లవు. ఎందుకంటే బోర్డు పెరిగితే దానితోపాటు గాలి తెరచాప కూడా పెరుగుతుంది. పూర్వం వీధికి అడ్డంగా కట్టే గుడ్డ బ్యానర్లలో అర్ధచంద్రాకారంగా చీలికలు కోసేవారు, గాలి దూరి పోవటానికి. ఫ్లెక్సీలో బొమ్మ పాడవుతుందని ఆ పని చేయరు. గాలి వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 90 కిలోమీటర్ల గాలి, అడ్డం నిలిచిన ప్రతి చదరపు మీటరునూ సుమారు 38 కిలోల బరువుతో నెడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు హోర్డింగుల ఇనప చట్రాలు మెలితిరిగి పడటం చూసినవారికి ఈ లెక్క వేరే చెప్పనక్కరలేదు.

బొంబాయిలో, అంటే నేటి ముంబయిలో, 2024 మే 13న గాలివాన వచ్చింది. ఘాట్‌కోపర్ ప్రాంతంలో 120 అడుగుల ఎత్తు, 120 అడుగుల వెడల్పు హోర్డింగు ఒకటి పక్కనే వున్న పెట్రోలు బంకుమీద కూలింది. పదిహేడుమంది చనిపోయారు. అక్కడి నగరపాలిక అనుమతించే హద్దు 40 అడుగులకు 40 అడుగులు. పక్కకు మూడింతలు, ఎత్తుకు మూడింతలు అంటే వైశాల్యానికి తొమ్మిదింతలన్నమాట! గంటకు 90 కిలోమీటర్ల గాలి లెక్కన వేసుకొన్నా, ఆ పలకమీద పడే నెట్టు యాభై టన్నులు. వాన పడుతున్నదని బంకు కింద తలదాచుకొన్నవారూ పెట్రోలు పోయించుకొంటున్నవారూ ఆ బోర్డుమీద ఏమున్నదో చూడటానికి వచ్చినవారు కారు. అంతకుముందు 2019 సెప్టెంబరులో చెన్నైలో, రోడ్డు మధ్య డివైడరుమీద కట్టిన పెళ్ళి బ్యానరు ఊడి స్కూటరుమీద పోతున్న ఒక యువతిమీద పడింది. ఆమె కింద పడగానే వెనక వచ్చిన నీళ్ళ లారీ ఎక్కింది. ఆ పెళ్ళివారెవరో ఆమెకు తెలియదు, ఆమె ఎవరో వారికి తెలియదు.

కొన్ని ఊళ్ళు ఏకంగా బోర్డులే వద్దన్నాయి. బ్రెజిల్‌లోని సావో పాలో మహానగరం 2007 జనవరి 1 నుంచి వీధి హోర్డింగులను నిషేధించింది. అమెరికాలో హవాయి 1927లోనే ఆ పని చేసింది. మన దగ్గర తెలంగాణ ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో నేలకు 15 అడుగుల కంటే ఎత్తున ప్రకటనలు వుండరాదని ఉత్తర్వు వేసింది. ఉత్తర్వు మంచిదే. కాని ఏ ఉత్తర్వుకైనా మరను బిగించి చూసే మనిషి కావాలి.

బోర్డుల కింద పిల్లలను స్కూలు బస్సుకు నిలబెట్టే తల్లిదండ్రులకు నేను చెప్పగలిగింది చిన్న పని ఒకటి. తల ఎత్తి పైన నవ్వే తారను చూడకండి, కిందికి చూడండి. స్తంభం నేలను తాకేచోట మరలన్నీ వున్నాయా, తుప్పు ఎంత దాకా తిన్నది, గాలి లేని రోజున కూడా ఫ్లెక్సీ టపటపలాడుతున్నదా, ఇవి చూడటానికి ఇంజనీరు కానక్కరలేదు. హోర్డింగు అడుగున ఒక చిన్న పలకమీద ఏజెన్సీ పేరు రాసి వుంటుంది. ఆ పెద్ద బోర్డు మొత్తంమీద ఆగి, దగ్గరకు వెళ్ళి, నిలబడి చదవవలసిన రాత అదొక్కటే. మా కాలేజీ ఎదుట వున్నదాని పేరు నేను నిన్ననే రాసుకొన్నాను. నాలుగు మరలకు మూడే వున్నాయి.