అతుకు లీకైతే ఎన్నిసార్లు ఎండోస్కోపీ?

అన్నవాహిక కేన్సర్‌కు ఆపరేషన్ చేసినప్పుడు, జబ్బు భాగాన్ని తీసేసి మిగిలినదాన్ని జీర్ణాశయంతో కలిపి కుడతారు. ఆ అతుకు పదిమందిలో ఒకరికైనా లీకవుతుంది. ఉమ్మి, జీర్ణరసాలు ఛాతీలోకి కారి చీము పడుతుంది. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

మళ్లీ కోయకుండా నయం చేసే దారిని జర్మనీ సర్జన్లు చూపారు. ఎండోస్కోపీతో చీము పట్టిన గుంటలోకి స్పాంజి పంపి, గొట్టంతో వాక్యూమ్ పెడతారు. పీల్చే బలం 125 మిల్లీమీటర్ల పాదరసం, అంటే వాతావరణ పీడనంలో దాదాపు ఆరో వంతు. చీము బయటికొస్తుంది, గుంట ముడుచుకుంటుంది, కొత్త కండ పడుతుంది. పురీషనాళం అతుకు లీకైన 29 మందిలో 28 మందికి ఇదే పద్ధతితో నయమైందని మ్యూనిక్ బృందం 2008లో ప్రకటించింది.

అదే నివేదికలో ఇంకో లెక్క ఉంది: సగటున 34 రోజుల చికిత్స, 11 ఎండోస్కోపీలు. నన్ను కలవరపెట్టేది ఈ 11. కొత్త కండ స్పాంజి రంధ్రాల్లోకి పాకి అతుక్కుంటుంది. అందుకే రెండు మూడు రోజులకోసారి తీసి మార్చాలి. అన్నవాహికలోనూ ఇదే బాధ. మార్చిన ప్రతిసారీ పస్తు, మత్తు, ఖర్చు.

బ్రెజిల్‌లోని సావో పాలో వైద్యులు సులువైన పరికరం కట్టారు. మన వార్డుల్లో రైల్స్ ట్యూబ్ అనే ముక్కు గొట్టమే దానికి ఆధారం. గొట్టం చివర గాజ్ గుడ్డ చుడతారు. దానిపై, ఆపరేషన్‌కు ముందు చర్మానికి అతికించే అయోడిన్ పూత ప్లాస్టిక్ పొర చుట్టి, రెండు కొసలా దారంతో బిగిస్తారు. తర్వాత 18 గేజ్ సూదితో పొర నిండా పొడుస్తారు. ఆ సన్నటి రంధ్రాల్లోంచి ద్రవం లోపలికి వస్తుంది కానీ, నున్నటి పొరను కండ పట్టుకోలేదు. వాక్యూమ్ యంత్రం కూడా అక్కర్లేదు. గోడకుండే సక్షన్ మరీ బలంగా లాగుతుంది కాబట్టి, మధ్యలో కలిపే గొట్టంలోకి 20 గేజ్ సూది గుచ్చి కొంత గాలి చొరనిస్తారు. బలం 75 నుంచి 150 మిల్లీమీటర్ల మధ్యకు దిగుతుంది.

దీన్ని వారం దాకా ఉంచగలుగుతున్నారు. మూడు వారాల చికిత్స అనుకుంటే, మూడు రోజులకోసారి మార్చేచోట ఏడుసార్లు, ఇక్కడ మూడుసార్లు. స్పాంజి ధర కన్నా ఈ తేడాయే రోగికి పెద్దది.

అయితే పెద్ద రక్తనాళం పక్కనే ఉన్న గుంటలో ఏ వాక్యూమూ క్షేమం కాదు. ముందు సీటీ స్కాన్ చూసుకోవాల్సిందే. ఇక కొత్త పరికరం తెచ్చేవాళ్లు ఎంతమందికి నయమైందో చెప్పినప్పుడల్లా, ఒక్కొక్కరికి ఎన్ని ఎండోస్కోపీలు పట్టాయో కూడా పక్కనే రాయాలి.