ఇంటి గుట్టు – అపరాధ పరిశోధక నవల

'ఇంటి గుట్టు లంకకు చేటు' అను సామెత వినని తెలుగువాడు లేడు. విభీషణుడు లోగుట్టు తెలుపుటచే లంక కూలినదనియు, కావున ఇంటి మాట గడప దాటరాదనియు మన పెద్దలు దీనికి అర్థము చెప్పుదురు. ఈ నీతి యందు మంచి కలదు. బంధువుల యెడ విశ్వాసము, కుటుంబపు పరువు దీనిమీదనే నిలిచినవి. కాని గుట్టును దాచుటవలననే ఇల్లు కూలిన సందర్భములు లేవా? నిర్దోషి నింద మోయుచుండగా, నిజ మెరిగినవారు ప్రేమచేతనో, పరువుకొరకో నోరు విప్పకున్నచో, ఆ మౌనము ఎవరికి మేలు? ఈ ప్రశ్ననే ముఖ్యవస్తువుగా గైకొన్న సాహిత్యశాఖ అపరాధ పరిశోధక నవల. దానిని కాలక్షేపపు పుస్తకమని త్రోసివేయుట మన పండితులకు అలవాటు. ఆ శాఖలోని ఒక ప్రసిద్ధ నవలను పరిశీలించి, అది మనకేమి బోధింపగలదో చూపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

ఆ నవల పేరు 'ది మూన్‌స్టోన్'. రచయిత విల్కీ కాలిన్స్ (1824–1889). చార్లెస్ డికెన్స్ నడిపిన 'ఆల్ ది ఇయర్ రౌండ్' అను వారపత్రికలో 1868 జనవరి మొదలు ఆగస్టు వరకు ఇది ధారావాహికగా వెలువడెను. అంతకుముందే 1841లో ఎడ్గార్ ఆలన్ పో అపరాధ పరిశోధక కథకు పునాది వేసి యుండెను; షెర్లాక్ హోమ్స్ 1887లో గాని పుట్టలేదు. ఈ రెంటి నడుమ, ఆంగ్లమున అపరాధ పరిశోధక నవలకు నిండు రూపము నిచ్చిన గ్రంథముగా విమర్శకులు అనేకులు దీనిని పేర్కొందురు.

వేలూరి వాసులమైన మనకు ఈ నవలతో మరియొక సంబంధము కలదు. కథ ఇంగ్లండులో జరిగినను, దాని మూలము 1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణము కూలిన దినమున నున్నది. ఆనాడు టిప్పు సుల్తాను యుద్ధమున మరణించెను. పట్టణము దోపిడికి గురియయ్యెను. అటుపిమ్మట ఆయన కుమారులను, కుటుంబమును ఆంగ్లేయులు మన వేలూరి కోటకు తెచ్చి నిర్బంధమున నుంచిరి. కోటలోని టిప్పు మహలు, హైదరు మహలు నేటికిని ఆ కథను చెప్పుచున్నవి. 1806 జూలై 10వ తేదీన తెల్లవారకమునుపే ఆ కోటయందు సిపాయిలు తిరుగబడిరి. ఆర్కాటునుండి వచ్చిన అశ్వసైన్యము ఆ తిరుగుబాటును అణచివేసెను. తరువాత టిప్పు కుటుంబమును కలకత్తాకు పంపివేసిరి. శ్రీరంగపట్టణమునుండి వెడలిన మనుష్యులు మన ఊరికి వచ్చిరి. అచటినుండి వెడలిన సొత్తు ఏమయ్యెను? కాలిన్సు కల్పన ఈ రెండవ త్రోవను పట్టినది.

నవలలోని కథ సంగ్రహముగా నిది. సోమనాథ క్షేత్రమున చంద్రదేవుని విగ్రహమును అలంకరించిన పచ్చని వజ్రమొకటి పెక్కు చేతులు మారి టిప్పు ఆయుధాగారమునకు చేరినది. శ్రీరంగపట్టణపు దోపిడిలో హెర్న్‌కాసిల్ అను ఆంగ్ల సైనికాధికారి దాని రక్షకులను చంపి వజ్రమును అపహరించెను. స్వజనము అతనిని వెలివేసిరి. అతడు చనిపోవుచు ఆ వజ్రమును మేనకోడలు రేచెల్‌కు ఆమె జన్మదినకానుకగా వ్రాసెను. దానిని తెచ్చి యిచ్చిన వాడు ఆమె దాయాది, ఆమెను ప్రేమించిన ఫ్రాంక్లిన్ బ్లేక్. 1848 జూన్ 21వ తేదీన పండుగ జరిగెను. ఆ రాత్రియే వజ్రము మాయమయ్యెను.

స్థానిక పోలీసు అధికారి వలన పని జరుగలేదు. లండనునుండి సార్జెంట్ కఫ్ అను పరిశోధకుడు వచ్చెను. ఇతడు గులాబీతోటలనిన ప్రాణమిచ్చువాడు. రేచెల్ గదితలుపునకు వేసిన పచ్చిరంగు ఒకచోట చెరిగియుండుట అతని కంటబడెను. రంగు చెరిపిన బట్ట ఎవరిదో తేలినచో చిక్కు విడును. అందరి బట్టలు వెదుకుదమనగా రేచెల్ ఒప్పుకొనలేదు. సొత్తు పోగొట్టుకొన్న మనిషియే వెదుకులాటకు అడ్డుపడుట కఫ్‌కు అనుమానము కలిగించెను. ఆమెయే దొంగయని అతడు తలచెను. ఇంటి యజమానురాలు అతనికి ప్రతిఫలమిచ్చి పంపివేసెను.

నిజ మేమన, వజ్రమును తీసినవాడు బ్లేక్ స్వయముగనే. కాని ఆ సంగతి అతనికే తెలియదు. విందులో వైద్యవృత్తిని ఎగతాళి చేసినందులకు డాక్టర్ క్యాండీ అతనికి తెలియకుండ నల్లమందు త్రాగించెను. ఆ మైకమున, వజ్రమునకు అపాయము కలుగునను భయముచే, అతడు దానిని భద్రపరుపబోయెను. మైకములో నున్న అతని చేతినుండి దానిని గైకొన్నవాడు మరియొక దాయాది గాడ్‌ఫ్రే ఏబుల్‌వైట్. ఇతడు ధర్మకార్యములకు పేరు పొందిన పెద్దమనిషి. లోలోపల తనను నమ్మిన యొక బాలుని ధనమును కాజేసినవాడు. కడకు అతడు హతుడగును. వజ్రము సోమనాథమునకు తిరిగి చేరును.

ఈ కథలో దొంగతనము ఒక్క రాత్రిలో ముగిసినది. దానిని దాచిన మౌనములు మాత్రము ఏడాది సాగినవి. అవి మూడు. మొదటిది రేచెల్ మౌనము. బ్లేక్ వజ్రమును తీయుట ఆమె కన్నులార చూచినది. చెప్పినచో ప్రేమించినవాడు చెరసాల పాలగును. చెప్పకున్నచో నింద తన మీద పడును. ఆమె రెండవదానినే యెన్నుకొన్నది. రెండవది రోజన్నా అను పనికత్తె మౌనము. పూర్వము దొంగయై శిక్ష అనుభవించి, ఆ యింట ఆశ్రయము పొందినది. బ్లేక్‌పై మనసు పడి, రంగంటిన అతని రాత్రిదుస్తును ఊబియిసుకలో దాచి, ఆ ఊబిలోనే ప్రాణము విడిచినది. మూడవది వైద్యుని మౌనము. తన చేష్టను మరునాడు వెల్లడింపదలచెనో యేమో గాని, జ్వరము సోకి జ్ఞాపకశక్తినే కోల్పోయెను.

మొదటి ఇద్దరును ప్రేమచేతనే నోరు మూసికొనిరి. వారిలో ఎవరైనను బ్లేక్‌ను సూటిగా అడిగియున్నచో, అతడు తన యెరుకలేనితనమును చెప్పియుండెడివాడు, రహస్యము అప్పుడే విడిపోయెడిది. అతనిని కాపాడుటకై పూనిన మౌనమే అతనిని దోషిగా నిలిపినది. నిజమైన దొంగకు రక్షణ యయ్యెను. కుటుంబవిశ్వాసము గొప్పగుణమే. అయినను విచారణ లేని విశ్వాసము అపనమ్మకముతో సమాన మగునని ఈ నవల సారాంశము.

ఈ కల్పనకు వెనుక ఒక నిజవృత్తాంతము కలదు. 1860లో ఇంగ్లండునందలి రోడ్ హిల్ అను భవనములో నాలుగేండ్లు నిండని సావిల్ కెంట్ అను బాలుడు హత్యకు గురియయ్యెను. జోనథన్ విచర్ అను లండను పరిశోధకుడు, కనబడకపోయిన రాత్రిదుస్తు నాధారముగా గొని, బాలుని సవతియక్క పదునారేండ్ల కాన్‌స్టెన్స్‌ను నిర్బంధించెను. సామాన్యుడైన పోలీసు గౌరవకుటుంబపు కన్యపై నింద మోపెనని ప్రజలు మండిపడిరి. ఆమె విడుదల యయ్యెను; విచర్ ప్రతిష్ఠ దెబ్బతినెను. 1865లో ఆమెయే నేరమును అంగీకరించెను. కాలిన్సు సృష్టించిన కఫ్‌కు విచర్ మూలమని పలువురు గుర్తించిరి. ఇంటివారు మూసిన తలుపును తట్టుటకు బయటివాడు కావలసివచ్చుటయు, తట్టినవానినే లోకము నిందించుటయు ఈ రెండు కథలయందును సమానము.

కథనవిధానమును గూర్చి యొక మాట. ఈ నవలను ఒక్కరు చెప్పరు. ముసలి గృహనిర్వాహకుడు, న్యాయవాది, దూరపు బంధువురాలు, వైద్యుని సహాయకుడు మొదలగువారు తాము చూచినంత మేరకే వ్రాయుదురు. పాఠకుడు న్యాయాధిపతివలె అందరి సాక్ష్యమును విని, ఎవరి మాట ఎంతవరకు నమ్మదగునో తూచుకొనవలెను. చదువరిని ఊరకుండనీయక ఆలోచింపజేయుట ఈ శాఖ యొక్క ముఖ్యప్రయోజనము.

ఈ శాఖ మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. పొరుగున నున్న ఆరణి పేరు ధరించిన కుప్పుస్వామి మొదలియారు ఆంగ్ల రహస్యనవలలను తమిళమునకు తెచ్చెను. జె. ఆర్. రంగరాజు 1908లో 'రాజాంబాళ్' వ్రాసెను. అది చలనచిత్రముగను వచ్చెను. తెలుగున పాంచ్‌కడి దే బెంగాలీ నవలల అనువాదములు ఇరువదవ శతాబ్ది తొలిదశలలో విరివిగా చదువబడెను. దేవరాజు వేంకటకృష్ణారావు 'వాడే వీడు' తొలినాటి స్వతంత్ర రచనలలో నొకటి. మదరాసునందు వసించిన కొమ్మూరి సాంబశివరావు (1926–1994) 1957లో 'ఉరితాడు'తో ప్రారంభించి, డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు అను పాత్రలను తెలుగువారి కిండ్లచుట్టములుగా చేసెను. పాఠశాలలో తెలుగు వాచకమును చూచి ముఖము చిట్లించు పిల్లలు కూడ యుగంధర్ నవలను ఏకబిగిని చదివిన కాలము కలదు.

ఇక నా బోధనానుభవములో నొకటి మనవి చేసెదను. కొన్ని యేండ్ల క్రిందట గుడియాత్తము ప్రాంతమునుండి వచ్చు తొమ్మిదవ తరగతి బాలిక యొకతె పాత ఉత్తరమును తెచ్చి, "అయ్యా, ఇది మా తాత పెట్టెలో దొరికింది. ఇంట్లో ఎవరికీ చదవడం రాలేదు" అనెను. ఆమె అవ్వ తెలుగు మాటలాడును గాని అక్షరము లెరుగదు. నాయన చదువంతయు తమిళమే. నేను చదివి చెప్పలేదు; జిలుగువ్రాతలోని అక్షరములను ఆమెచేతనే గుర్తింపజేసితిని. చదువు మూడు దినములు సాగినది. తాతగారి యన్న వ్రాసిన ఉత్తరమది. తమ్ముని అప్పు తీర్చుటకై తన వాటా ఇంటిని అమ్మితిననియు, తమ్మునికి తలవంపు కలుగకుండ ఈ సంగతి ఎవరికిని తెలియనీయవలదనియు అందుండెను. తమ్ముడు ఆ మాటను చావువరకు నిలుపుకొనెను. కుటుంబము మాత్రము 'పెద్దాయన ఇల్లమ్ముకొని పోయినాడు' అని ఆయన సంతతితో రాకపోకలే మానుకొని యుండెను. బాలిక ఆ ఉత్తరమును అవ్వకు చదివి వినిపించినది. ఆ సంక్రాంతికి పెద్దాయన మనుమలు వారి యింటికి భోజనమునకు వచ్చిరని తరువాత విని సంతోషించితిని.

అన్నదమ్ములు ప్రేమతో దాచిన గుట్టు అది. ఆ గుట్టు విప్పుటకు సాక్ష్యము పెట్టెలోనే యున్నది. దానికి తాళము వేసినది దురాలోచన కాదు, లిపి రాకపోవుట. మన యిండ్లలో దస్తావేజులు, ఉత్తరములు, పద్దుపుస్తకములు ఇటువంటివి ఎన్ని కలవో! 2006లో వచ్చిన చట్టముచే 2006–07 మొదలుకొని ఈ రాష్ట్రమున తమిళము క్రమముగా తప్పనిసరి పాఠ్యభాష యయ్యెను. ఈ నేలపై బ్రతుకువారు ఈ నేలభాషను చక్కగా నేర్చుట న్యాయమే; తమిళము మనకు పరాయిది కాదు. కాని దానితో పాటు తెలుగు చదువు కూడ నిలువవలెనన్నచో ఆ భారము ముఖ్యముగా మన యిండ్లదే. మాటలాడుట మాత్రము చాలదు, చదువుట రావలెను.

ఇందులకు అపరాధ పరిశోధక కథ మంచి సాధనమని నా నమ్మకము. నా తరగతిలో నేను ఇట్టి కథనొకదానిని చదివించి, చివరి ప్రకరణమును మాత్రము దాచియుంచెదను. నేరస్థు డెవడో, ఏ ఆధారముచే చెప్పుచున్నారో పిల్లలు తెలుగున వ్రాసి యిచ్చిన తరువాతనే అది వారి చేతికి వచ్చును. తప్పులు లేకుండ వ్రాయుమని వేయిసార్లు చెప్పినను వ్రాయని పిల్లలు, తమ యూహ నిజమని నిరూపించుటకు రెండు పుటలు వ్రాయుదురు. తల్లిదండ్రులు ఇంటివద్ద ఈ పద్ధతిని అనుసరింపవచ్చును. పుస్తకము ముగిసిన పిదప, తాతల పెట్టెను తెరచి, అందలి కాగితములను పిల్లలచేత చదివించిన మరియు మేలు. ఇంటి గుట్టు లంకకు చేటో కాదో, దానిని చదువగలవారు ఇంట నున్నప్పుడే తేలును.