చింతపిక్కలతోనూ ఆలోచన నేర్పవచ్చు

కొత్తవలస: ఖనిజం మోసే గూడ్సుబండి కొత్తవలస పిల్లలకు వింత కాదు. కిరండూల్‌ వైపు వెళ్లే వ్యాగన్లు ఖాళీగా పోవడం, అటునుంచి విశాఖ ఓడరేవుకు వచ్చేవి బైలదిల్లా ఇనుప ఖనిజంతో నిండి రావడం చూస్తూనే పెరుగుతారు. అలా ఎందుకని నాలుగో తరగతిలో అడిగితే జవాబు పాఠ్యపుస్తకంలో దొరకదు. గని ఎక్కడుంది, ఓడ ఎక్కడ ఆగుతుంది అన్న రెండు సంగతులను జోడించుకుని పిల్లవాడే కారణం వెతకాలి. అక్కడి నుంచి మరో ప్రశ్న పుడుతుంది. ఈ మార్గంలోని శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తు నుంచి బరువుతో దిగే బండిని ఆపడం ఎలా?

ఇందుకు అగ్గిపెట్టెలు, సీసా మూతల చక్రాలు, ఇసుక, రబ్బరుబ్యాండు, ఏటవాలుగా పెట్టిన చెక్క చాలు. ఖాళీ పెట్టెను వాలుపై రబ్బరుబ్యాండుతో పట్టి నిలిపితే అది ఎంత సాగిందో బద్దతో కొలవాలి. ఇసుక నింపితే ఎంత సాగుతుందో ముందే ఊహించి పలకపై రాయాలి. తరువాతనే నింపి చూడాలి. ఊహ తప్పితే ఎందుకు తప్పిందో చెప్పాలి. ఆ రాయడం, చెప్పడం లేకుంటే మిగిలేది బొమ్మలాటే.

మేళాలు మిగిల్చిన అలవాటు

ఉపాధ్యాయులే బోధనోపకరణాలు తయారుచేసుకోవాలన్న ఆలోచన మన రాష్ట్రానికి పాతదే. 1980లలో బ్రిటన్‌ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్‌ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు చేసి నేర్చుకోవడాన్ని, స్థానిక పరిసరాల వినియోగాన్ని బడుల్లోకి తెచ్చింది. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపీఈపీ) రాష్ట్రంలో తొలుత అమలైన ఐదు జిల్లాల్లో విజయనగరం ఒకటి. ఆ పథకంలోనూ, దాని తరువాత సర్వశిక్షా అభియాన్‌లోనూ సామగ్రి కోసం ఉపాధ్యాయునికి ఏడాదికి 500 రూపాయలు ఇచ్చేవారు.

ఆ కాలపు ప్రదర్శనలు చూసినవారికి థర్మోకోల్‌ సౌరకుటుంబాలు, మెరుపు కాగితాల వర్ణమాలలు గుర్తుండే ఉంటాయి. వాటి వెనుక మాస్టార్ల శ్రమను తక్కువ చేయలేము. అయితే కత్తిరించింది, అమర్చింది, పేర్లు రాసింది అన్నీ పెద్దలే. పిల్లలు దూరం నుంచి చూశారు. పాడవుతాయేమోనని కొన్నిచోట్ల బీరువాలోనూ పెట్టారు. ఉపకరణం పిల్లల చేతికి రాకుంటే, వచ్చినా తేల్చుకోవలసిన ప్రశ్న అందులో లేకుంటే, అది తరగతికి అలంకారమే అవుతుంది.

తప్పు ఎక్కడ పుట్టిందో కనిపించాలి

తీసివేతనే చూద్దాం. 42లోంచి 17 తీయమంటే 35 అని రాసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేస్తారు. ఇది అశ్రద్ధ కాదు, వారు తమకు తాము ఏర్పరచుకున్న సూత్రం. ఎర్రసిరాతో కొట్టివేస్తే ఆ సూత్రం పోదు. చీపురుపుల్లలను పదేసి కట్టలు కట్టి, నాలుగు కట్టలు, రెండు విడిపుల్లలు ఇచ్చి పదిహేడు తీయమంటే, కట్ట విప్పక తప్పదని చేతికే తెలుస్తుంది. విప్పకముందే ‘మిగిలేవి ముప్పై కంటే ఎక్కువా, తక్కువా?’ అని అడగడం ముఖ్యం. దానికి జవాబు చెప్పగలిగిన పిల్లవాడు రేపు కాగితంపై 35 వచ్చినప్పుడు తానే అనుమానిస్తాడు.

చింతపిక్కల వామనగుంటలు కూడా ఇలాంటిదే. గుంటలోని పిక్కలు తీయకముందే చివరి పిక్క ఎక్కడ పడుతుందో చెప్పాలన్న ఒక్క నియమం చేర్చితే లెక్కింపు కాస్తా ముందుచూపు అవుతుంది. చిన్న తరగతులకు ఆకులు చాలు. మామిడి, వేప, చింత, మునగ, జీడిమామిడి ఆకులను ఒక జట్టు తనకు తోచిన నియమంతో రెండు కుప్పలు చేస్తుంది. ఆ నియమమేమిటో రెండో జట్టు కనిపెట్టాలి. అంచులో రంపపు పళ్లున్న వేపాకు, నునుపుగా ఉన్న చింతాకు ఒకే కుప్పలో ఎందుకున్నాయని వాదన మొదలైతే మాస్టారు కాసేపు మౌనంగా ఉండటమే మేలు. ఆ మౌనం శిక్షణ తరగతుల్లో అంత తేలికగా అబ్బదు.

ఒకరిద్దరు ఉపాధ్యాయులే ఐదు తరగతులు నడిపే బడిలో ఇదంతా సాధ్యమా అన్న ప్రశ్న న్యాయమైనదే. మదనపల్లె సమీపంలోని ఋషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం సరిగ్గా అలాంటి బడుల కోసమే కార్డులు, అభ్యసన నిచ్చెన రూపొందించింది. కర్ణాటకలో నలి కలి, తమిళనాడులో కృత్యాధార బోధన దాని నుంచే స్ఫూర్తి పొందాయి. ఒక జట్టుకు మాస్టారు చెబుతుండగా మిగిలినవారు తమ కార్డుపై తామే పనిచేస్తారు. ఇక్కడా ఒక ప్రమాదం లేకపోలేదు. కార్డు తరువాత కార్డు ముగించడమే లక్ష్యమైతే బట్టీకి అది మరో రూపమవుతుంది.

భాష సంగతి వేరుగా చెప్పుకోవాలి. 2020-21 నుంచి పాఠ్యపుస్తకాలలో ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఆంగ్లం వచ్చాయి. పదాలు రెండు భాషల్లో తెలియడం మంచిదే. కానీ కారణం చెప్పేటప్పుడు పిల్లలు ఇంటిమాటలోనే ఆలోచిస్తారు. ‘ఏటి’, ‘ఎలగ’ అని అడిగిన పిల్లవాడి వాక్యాన్ని ముందుగా దిద్దితే ఆలోచన అక్కడే ఆగిపోతుంది. సవర పిల్లలకు సవర భాషలోనే వాచకాలు సిద్ధం చేసిన గిడుగు రామమూర్తి ఈ ఉత్తరాంధ్రవారే.

ఖర్చు పెద్ద సమస్య కాదు, సమయమే సమస్య. పుల్లల కట్టలు విడిపోతాయి, పిక్కలు పోతాయి, కార్డులు నలుగుతాయి. వాటిని లెక్కచూసి సర్దే పనిని వంతులవారీగా పిల్లలకే అప్పగించవచ్చు, అదీ ఒక లెక్కే. ‘బడిలో ఆటలాడిస్తున్నారు’ అనే తల్లిదండ్రులను ఒక పూట పిలిచి, పిల్లల చేతనే ఆ గూడ్సుబండి ప్రయోగం చేయించి చూపవచ్చు. స్కూలు కాంప్లెక్సు సమావేశాలకు ఉపాధ్యాయులు కొత్తగా అతికించిన చార్టులకు బదులు, ఏడాదంతా వాడి మాసిన కార్డులను, వాటిపై పిల్లలు రాసిన తప్పు ఊహలను తీసుకువస్తే అక్కడ మాట్లాడుకోవడానికి చాలా ఉంటుంది.